పండ్ల తొక్కల నుండి ప్లాస్టిక్: రుణం కోరేముందు తెలుసుకోవలసినవి

మామిడి సీజనులో చిత్తూరు ప్రాంతపు గుజ్జు ఫ్యాక్టరీల వద్ద తొక్కలు, టెంకలు గుట్టలుగా పడి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. కాయ బరువులో మూడవ వంతుకు పైగా ఇట్లు మిగిలిపోతున్నది. దీని నుండి మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ చేయవచ్చునని విని, యంత్రాలకు రుణం ఇస్తారా అని మా వంటి ఫీల్డాఫీసర్లను అడిగేవారున్నారు. అప్పు చేసేముందు ఈ విధానాన్ని అర్థం చేసుకొనడం అవసరం.

మనం గాదెలో ధాన్యం దాచుకొన్నట్లే, కొన్ని బాక్టీరియాలు తమ కణాలలో పి.హెచ్.బి. అనే పదార్థాన్ని నిలువ చేసుకొంటాయి. ఫ్రాన్సులోని పాస్చర్ సంస్థకు చెందిన మారిస్ లెమ్వాన్ 1926లో దీనిని గుర్తించారు. తొక్కలను నూరి, అందలి పిండిపదార్థాన్ని, పీచును ఎంజైములతో చక్కెరలుగా మారుస్తారు. ఆ ద్రావణంలో బాక్టీరియాను పెంచి, నత్రజనిని తగ్గిస్తారు. అప్పుడవి పెరుగుదల మాని, మిగులు చక్కెరను పి.హెచ్.బి.గా మార్చుకొంటాయి. మంచి రకాలలో ఇది కణాల పొడిబరువులో 80 శాతం వరకు చేరుతుంది. పిదప కణాలను పగులగొట్టి దానిని వేరు చేస్తారు.

ఇక ఖర్చు సంగతి. ఒక కిలో పి.హెచ్.బి.కి సుమారు 3 కిలోల చక్కెర కావాలి. తొక్కలో అధిక భాగం నీరే. మామిడి సీజను కొద్ది నెలలే. తొక్క ఒకటి రెండు రోజులలోనే పులిసిపోతుంది. ఇతర సూక్ష్మజీవులు చొరబడని ఫెర్మెంటర్లు, నిరంతర విద్యుత్తు, శిక్షణ పొందిన సిబ్బంది తప్పనిసరి. అందుచేత దీని ధర పాలిథీన్ కంటే అనేక రెట్లు అధికం. పైగా ఇది పెళుసు; ఇతర పదార్థాలు కలపనిదే సంచులకు పనికిరాదు.

కనుక యంత్రం అమ్మేవారికి అడ్వాన్సు ఇచ్చేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: మీ తొక్కతోనే చేసిన ప్రయోగ ఫలితం, ఏడాది పొడవునా ముడిసరుకు దొరికే ఏర్పాటు, సరుకు కొనేవారి ఒప్పందం. ఇవి లేని ప్రాజెక్టుకు పొలం తాకట్టు పెట్టవద్దు.

డీలర్లకు ఒక మాట. 2022 జూలై 1 నుండి కొన్ని ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు నిషిద్ధమైనవి. కంపోస్టు కాగల సంచులకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి. సంచిపై ముద్రించిన మాటను మాత్రమే నమ్మి సరుకు దింపుకొనకండి.

అంతవరకు తొక్కను వృథా చేయనవసరం లేదు. పాలిథీన్, చెత్త కలియకుండా వేరుచేసి, తాజాగా ఉన్నప్పుడే పశువులకు మితంగా మేపవచ్చును. మిగిలినది బయోగ్యాసుకు, కంపోస్టుకు ఉపయోగపడుతుంది. వీటికి పెట్టుబడి స్వల్పం, రాబడి మీ కళ్లెదుటే కనిపిస్తుంది.