అటక దిగిన గిటారు

గోడ గడియారం టిక్కుటిక్కుమంటున్నంతసేపూ మనం పట్టించుకోం. ఆగిపోయిన రోజున మాత్రం ఇల్లేదో వెలితిగా ఉందే అనుకుంటాం. సినిమా పాటలో బేస్ గిటార్ కూడా అలాంటిదే. గాయని గొంతు, వేణువు, వయొలిన్లు మన చెవికి తెలుస్తాయి. వాటి అడుగున పాటను మోస్తూ నడిచే ఆ బరువైన నాదం ఎవరిదని ఎవరూ అడగరు. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటల్ని ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఇళయరాజా దానిచేత ఎంత పని చేయించుకున్నారో తెలుస్తుంది.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆ నాదం వినీ వినీ "నాకదే కావాలమ్మా" అని కూర్చుంది. మాది జనగామ. వీణ అంటే ఎవరినో ఒకరిని అడగొచ్చు గానీ, బేస్ గిటార్ ఎవరింట చూశాం? "ఆడపిల్లకు అంత పొడుగు గిటారెందుకు? అదీ నాలుగు తీగలది!" అని ఇంటికొచ్చినవాళ్లు నవ్వారు. వీణకు మాత్రం వాయించే తీగలెన్ని? నాలుగే కదా! మిగతా మూడూ తాళానికి.

నవ్వులకన్నా పెద్ద చిక్కు డబ్బు. దుకాణంలో అడిగితే అన్నిటికన్నా చవకదే తొమ్మిది వేలన్నారు. పిల్ల ఫీజు కట్టాల్సిన నెలలో ఆ మాటెత్తగలమా? సరిగ్గా అప్పుడే మహబూబాబాద్‌లో ఒకావిడ ఇంట్లో పాతదొకటి ఉందని బంధువుల ద్వారా తెలిసింది. కాజీపేట మీదుగా రైల్లో వెళ్లాం.

ఆమె భర్త పెళ్లిళ్లలో వాయించే ఆర్కెస్ట్రాలో ఉండేవాడట. డీజేలు వచ్చాక పిలుపులు తగ్గాయి. ఆయన పోయి ఆరేళ్లు. గిటార్ గోనెసంచిలో అటకెక్కింది. "తూకానికేద్దామనుకున్న చెల్లె, మనసొప్పలే" అంది. పదిహేను వందలకు ఇచ్చి, "మోగితే ఒక్కసారి నాకు వినిపియ్యండ్రి" అని మాత్రం అడిగింది. ఆ మాట తర్వాత అది మోగకపోతే ఎలా అన్న బెంగ మాకు పట్టుకుంది.

కొనేముందు ఇవి చూడండి

అమెరికాలో లియో ఫెండర్ 1951లో 'ప్రెసిషన్ బేస్' అమ్మకానికి తెచ్చాక ఈ వాద్యం ప్రపంచమంతా పాకింది. అంతకుముందు బేస్ వాయించేవాళ్లలో ఎక్కువమంది మనిషంత ఎత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరగాల్సిందే. ఈ గిటార్ తీగలు లావు. మామూలు గిటార్‌లోని లావు తీగలు నాలుగింటికీ ఒక స్థాయి కింద పలుకుతాయి. నాలుగూ బిగిస్తే గిటార్ మెడను 70–80 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు మెడ వంగిపోకుండా లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది.

కాబట్టి పాతది కొనేటప్పుడు రంగు ఎలా ఉందన్నది చివరి ప్రశ్న. మొదట మెడ చూడాలి. వడ్రంగి కర్రను చూసినట్టు ఒక కన్ను మూసి తల వైపు నుంచి చూడండి. కాస్త ముందుకు వంగి ఉంటే సరిచేయొచ్చు. పక్కకు మెలి తిరిగి ఉంటే వదిలేయండి. తల దగ్గర పగులున్నా, కడ్డీ నట్టు కదలకపోయినా వద్దు. మెట్ల మీద తీగలు లోతుగా కోసిన గాడులుంటే మార్పించే ఖర్చు గిటార్ ధరను మించిపోతుంది. గరగర శబ్దం, ఊగే బిరడా, తుప్పు స్క్రూలు... ఇవన్నీ మన చేతిలో పనులే.

వంటింటి పనితనమే

తీగల్ని ఒక్కసారిగా కత్తిరించకుండా కొద్దికొద్దిగా వదులు చేసి తీశాం. నల్లబడ్డాయే గానీ తుప్పు పట్టలేదు. చుట్లు చుట్టిన తీగ కదా, సందుల్లో చెమటా, మట్టీ పేరుకుని గొంతు మూసుకుపోతుంది. పాత గిన్నెలో నీళ్లు మరిగించి పది నిమిషాలు ఉడికించాం. "ఇవాళ గిటార్ చారా?" అని మా వారు ఎగతాళి చేశారు. నీళ్లు మాత్రం నిజంగానే చారు రంగుకొచ్చాయి! వెంటనే తుడిచి, తడి లేకుండా ఆరబెట్టాలి. ఇలా ఉడికించిన తీగలు కొన్ని వారాలు బాగా పలుకుతాయి. ఆ తర్వాత కొత్తవి కొనక తప్పదు.

ఇక మెట్లు. మన పెంబర్తి ఇత్తడి సామాన్లు చింతపండుతో తోమినట్టు వీటిని తోమకండి. పులుపు నీళ్లు చెక్కలోకి దిగుతాయి. అన్నిటికన్నా సన్నరకం ఉక్కుపీచుతో మెల్లగా రుద్దితే చాలు. అంతకుముందు పొట్ట మీది పికప్‌లకు టేపు అంటించాలి. అవి అయస్కాంతాలు, పీచు పొడినంతా లాగేసుకుంటాయి. పాలిష్ లేని మెడ చెక్కకు గుడ్డ మీద రెండు చుక్కలు మినరల్ ఆయిల్ వేసి తుడవాలి. కొబ్బరినూనె, వంటనూనె వద్దు. జిడ్డు కట్టి దుమ్మును పిలుస్తాయి.

బిరడా ఊగడానికి కారణం స్క్రూ రంధ్రం పెద్దదైపోవడమే. అగ్గిపుల్లను ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దూర్చి, ఆరాక పైకి మిగిలింది కోసేసి స్క్రూ బిగించాం. కొత్తదానిలా పట్టింది.

భూపాలపల్లిలో ఊడిన తీగ

అన్నీ అయ్యాక కూడా ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే గుయ్యిమన్న మోత తప్ప నాదం లేదు. మా మరిది భూపాలపల్లిలో సింగరేణి గనిలో ఎలక్ట్రీషియన్. వారపు సెలవు చూసుకుని హనుమకొండ, పరకాల మీదుగా బస్సెక్కాం. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆర్టీసీ బస్సులో మనకు టికెట్ డబ్బులు లేవు కదా!

వెనక మూత విప్పి చూశాడు. "దీంట్ల కరాబైందేం లేదు వదినా. రెండు వైర్లు ఊడినయ్, గంతే" అన్నాడు. పికప్‌లో అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగ వేల చుట్లు ఉంటుంది. పైన ఉక్కు తీగ కదిలితే రాగితీగలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. అది సాకెట్ దాకా చేరే వైరు ఒకటి ఊడింది. బ్రిడ్జికి వెళ్లే ఎర్తు వైరు రెండోది. మోతకు కారణం అదే. మొదటి వైరు తనే అతికాడు. రెండోది మా అమ్మాయి చేత సోల్డరింగ్ పెట్టించాడు. గరగరలాడే గుండీల్లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ ముప్పైసార్లు తిప్పితే ఆ రోగమూ కుదిరింది.

ఒక జాగ్రత్త. మాలాంటి మామూలు బేస్ గిటార్‌లో షాక్ కొట్టేంత కరెంటు ఉండదు. ఆంప్లిఫయర్‌కు వచ్చేది మాత్రం 230 వోల్టులు. దాన్ని మనం విప్పకూడదు. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్తు పిన్ను ఎన్నడూ తీసేయకూడదు.

శ్రుతి సరిచేయడం చివరి పని. తీగను మొదటి మెట్టు మీదా, చివరి మెట్టు మీదా నొక్కిపట్టి మధ్యలో చూస్తే విజిటింగ్ కార్డు మందం సందుండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను పావు చుట్టు బిగించి, మళ్లీ చూసుకోవాలి. ఒకేసారి బలంగా తిప్పితే మెడకే ముప్పు. పన్నెండో మెట్టు మీద తీగను నొక్కి మీటితే ఒక స్వరం, నొక్కకుండా తాకి వదిలితే ఒక స్వరం వస్తాయి. రెండూ ఒకటే కావాలి. నొక్కింది హెచ్చుగా పలికితే బ్రిడ్జి మీది తీగ ఆధారాన్ని కాస్త వెనక్కు జరపాలి.

ఆడవాళ్లకు కొత్తేం కాదు

అమెరికాలో కేరల్ కే అప్పటికే పిల్లల తల్లి. గిటార్ వాయించి ఇల్లు నడుపుకునేది. 1963లో స్టూడియోకు బేస్ వాయించేవాడు రాకపోతే ఆ చోట కూర్చుంది. ఆ తర్వాత వేల రికార్డింగుల్లో వాయించింది. ఆ రోజుల్లో స్టూడియో వాద్యకారుల పేర్లు చాలా రికార్డుల మీద వేసేవారే కాదు.  మన దేశంలో మోహినీ దే, తండ్రి దగ్గర చిన్నప్పుడే బేస్ నేర్చుకుని రెహమాన్‌తో వేదికలెక్కింది. మా ఇంటికొచ్చి నవ్వినవాళ్లకు ఈ రెండు పేర్లూ చెప్పాను.

మొత్తం లెక్క చూస్తే గిటార్ పదిహేను వందలు, క్లీనరూ చిల్లర సామానూ మూడు వందలు, తర్వాత కొన్న కొత్త తీగలు పన్నెండు వందలు. మూడు వేలతో అయిపోయింది.

మహబూబాబాద్ ఆవిడకు ఫోన్లో వినిపిద్దామనుకున్నాం. కానీ అంత కింది నాదం ఫోన్ స్పీకర్‌లో పలకదు. రైల్లో తీసుకెళ్లి, వాళ్ల వీధి చర్చిలో ఆంప్లిఫయర్ అడిగి తగిలించాం. మా అమ్మాయికి ఇంకా వచ్చింది ఒక్క వరసే. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది. "ఆయన గిట్లనే కాలు ఆడిస్తుండె" అంది.

ఈసారి అటక దులిపినప్పుడు మీకూ ఓ పాత వాద్యం కనిపించొచ్చు. పాత ఆర్కెస్ట్రాల వాళ్ల ఇళ్లలో అడిగినా దొరకొచ్చు. తూకానికి వేసేముందు వెనక మూత స్క్రూలు విప్పి ఒక్కసారి లోపల చూడండి. ఊడింది ఒక్క వైరే కావచ్చు.