మీకు తెలుసా? తప్పు బ్యాటరీది కాకపోవచ్చు!

పాత కారు ఒకరోజు సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది, మరునాడు ‘టిక్’మని ఆగిపోతుంది. వెంటనే బ్యాటరీ మార్చేస్తాం. కానీ కొన్నిసార్లు అసలు తప్పు ఎర్త్ వైరుది, అంటే బ్యాటరీ నెగెటివ్‌ను బండి లోహానికి కలిపే వైరుది! దాని బోల్టు కింద తుప్పు పట్టి 0.01 ఓమ్ నిరోధం ఏర్పడినా, స్టార్టర్ 150 ఆంపియర్లు లాగేటప్పుడు 1.5 వోల్టులు అక్కడే పోతాయి.

పట్టుకోవడం ఇలా: బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేయండి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది ఇంజన్ లోహానికి ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. రీడింగ్ 0.5 వోల్టు దాటితే ఎర్త్ దారిలో లోపమున్నట్టే. ఇంజన్ ఆపి ఓమ్‌లలో కొలిస్తే ఇది దొరక్కపోవచ్చు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ బాగానే చూపిస్తుంది.

బ్యాటరీ నెగెటివ్ తీసేసి, బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది బిగించండి. కొత్త బ్యాటరీ కొనేముందు ఈ పరీక్ష తప్పక చేయండి.