వెన్నెల భయపెట్టిన రోజులు

సంగీతం కూర్చే కళాకారుడు రెండు ప్రేమల మధ్య నలిగిపోయే కథ అనగానే మనకు ఇద్దరు హీరోయిన్లు గుర్తొస్తారు. ఆఖరి రీలులో ఎవరో ఒకరు త్యాగం చేసి తప్పుకుంటారు. 1941లో బ్రిటన్‌లో బ్రయాన్ డెస్మండ్ హర్‌స్ట్ తీసిన 'డేంజరస్ మూన్‌లైట్' చిత్రంలో అలా జరగదు. అందులో భార్యకు సవతి మరో ఆడది కాదు, భర్త పుట్టిన దేశం!

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండు మీద దండెత్తింది. రాజధాని వార్సా మీద బాంబులు కురిశాయి. అసలు కథ అక్కడే మొదలవుతుంది. స్టెఫాన్ పియానో విద్వాంసుడు, స్వరకర్త, పైగా విమానం నడిపేవాడు. బాంబుల మధ్య పియానో వాయిస్తూండగా కేరొల్ అనే అమెరికన్ పత్రికా విలేఖరి అతన్ని చూస్తుంది. అది వెన్నెల రాత్రి. మనకు వెన్నెలంటే డాబా మీద చాపలు, మల్లెపూలు. వాళ్ళకు వెన్నెలంటే పైనున్న శత్రువుకు ఊరంతా కనబడిపోవడం. 'ప్రమాదకరమైన వెన్నెల' అన్న పేరుకు అర్థం అదే.

తర్వాత ఇద్దరూ అమెరికాలో మళ్ళీ కలుసుకుని పెళ్ళి చేసుకుంటారు. అతను కచేరీలు చేసి పోలండు బాధితుల కోసం డబ్బు పోగుచేస్తాడు. అయినా మనసు నిలవదు. తోటివాళ్ళు ప్రాణాలొడ్డుతుంటే తను చప్పట్ల మధ్య కూర్చోవడమా అని బాధ. యుద్ధానికి వెళ్తానంటాడు. వద్దంటుంది కేరొల్.

ఆమె స్వార్థపరురాలా? నాకలా అనిపించదు. బాంబంటే ఏమిటో తెలియక అడ్డుపడలేదు. వార్సాను కళ్ళారా చూసింది కనుకనే అడ్డుపడింది. అతనిదీ తప్పు కాదు. 1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన పోరులో 145 మంది పోలండు పైలట్లు నిజంగానే పాల్గొన్నారు. వాళ్ళను వద్దన్న తల్లులూ భార్యలూ కూడా ఉండే ఉంటారు కదూ!

స్టెఫాన్ వెళ్తాడు. ప్రాణస్నేహితుడు చనిపోతాడు. తన విమానం కూలి, గతమంతా మరిచిపోతాడు. కట్టుకున్న భార్యనే పోల్చుకోలేడు. చివరికి అతని జ్ఞాపకాన్ని తట్టి లేపేది ఆ సంగీతమే.

ఆ సంగీతం పేరు 'వార్సా కన్సర్టో'. రష్యన్ స్వరకర్త రాహ్మానినోవ్ పోకడలో రిచర్డ్ అడిన్‌సెల్ కూర్చారు. వాద్యబృందానికి అనువుగా దాన్ని తీర్చిదిద్దినవారు రాయ్ డగ్లస్. తెర మీద వాయించేది నటుడు ఆంటన్ వాల్‌బ్రుక్, వినిపించే పియానో లూయీ కెంట్‌నర్‌ది. అచ్చం మన ప్లేబాక్ పద్ధతే! అప్పట్లో తెర మీద కెంట్‌నర్ పేరైనా వేయలేదు. మొత్తం తొమ్మిది నిమిషాలకు అటూ ఇటూ. మొదట పియానో పిడుగుల్లా మోగుతుంది. కాసేపటికి మెత్తని ప్రేమరాగం వస్తుంది. అతని రెండు ప్రేమలూ అందులోనే ఇమిడిపోయాయి.

యుద్ధం జరుగుతూండగానే తీసిన సినిమా కనుక, వెళ్ళడమే ధర్మమని తేల్చింది. కాని వద్దన్న భార్యను గయ్యాళిని చేయలేదు, దేశద్రోహిని చేయలేదు. ఆమె భయాన్ని కూడా ప్రేమగానే చూపించింది. ఎనభై ఏళ్ళు దాటినా ఆ సినిమాను తలుచుకోవడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు. వీలు చిక్కితే చూడండి. లేదా పనంతా అయ్యాక, ఆ తొమ్మిది నిమిషాల సంగీతమైనా వినండి.