నిద్ర తగ్గితే షుగర్ పెరుగుతుందా?

స్కాలర్‌షిప్ దరఖాస్తులకు తల్లిదండ్రుల అనారోగ్యం తాలూకు కాగితాలు జతచేసి ఉంటే వాటిని ఒకసారి చూసిపెట్టమని ట్రస్టువారు నాకు పంపుతుంటారు. షోలాపూర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా వైద్యం చేస్తున్నవాణ్ణి కనుక ఆ పని నాకు అప్పగించారు. ఆ కాగితాల్లో తరచుగా కనిపించే మాట మధుమేహం, వాడుకలో మనం షుగర్ అంటున్నది. అదే దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్న చోట పవర్‌లూమ్ కార్మికుడు, వాచ్‌మన్, లారీ డ్రైవరు, ఆసుపత్రిలో వార్డుబాయ్ అని రాసి ఉంటుంది. ఇవన్నీ రాత్రి మేలుకుని చేసే పనులే. ఇంటికి అన్నం పెట్టే మనిషి మంచాన పడితే మొదట ఆగిపోయేది పిల్లల చదువు. కాబట్టి విద్య కోసం పెట్టిన ఈ పత్రికలో నిద్ర గురించి రాయడం అసందర్భం కాదనుకుంటున్నాను.

ఆ మధ్య ఒక విద్యార్థిని నన్ను అడిగిన ప్రశ్న ఇది. “సార్, మా బాపు రాత్రంతా సాంచెల మీద ఉంటడు, పొద్దుగాల వచ్చి పడుకుంటడు. నిద్ర సరిగ్గా లేదు, అందుకే షుగర్ తగ్గుతలేదు అన్నడట డాక్టరు. పగలు పడుకున్నది నిద్ర కాదా సార్?”

చాలా మంచి ప్రశ్న. జవాబు చెప్పాలంటే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మనం తిన్న అన్నమైనా, జొన్న రొట్టె అయినా చివరికి గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. అది కండరాల్లోకి, కొవ్వు కణాల్లోకి వెళ్ళడానికి క్లోమగ్రంథి విడుదల చేసే ఇన్సులిన్ దారి చేస్తుంది. కాలేయం తన దగ్గరున్న గ్లూకోజును అనవసరంగా రక్తంలోకి వదలకుండా ఆపేదీ ఇన్సులినే. కొందరిలో ఇన్సులిన్ ఉంటుంది గానీ కణాలు దాని మాట సరిగ్గా వినవు. దీన్ని ఇన్సులిన్ నిరోధకత అంటారు. అప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్ళపాటు నెట్టుకొస్తుంది. దానికి శక్తి తగ్గిన రోజున షుగర్ బయటపడుతుంది. దీనికి తోడుగా నడుము చుట్టుకొలత పెరగడం, బీపీ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరగడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మన భారతీయులకు నడుము కొలత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని లెక్క.

ఇందులో నిద్ర పాత్ర ఏమిటో 1999లో చికాగో విశ్వవిద్యాలయం వారు పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువకులను వరుసగా 6 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. తరువాత 6 రాత్రులు 12 గంటలపాటు పడక మీద ఉండనిచ్చారు. నిద్ర తగ్గిన రోజుల్లో వారి రక్తంలోంచి గ్లూకోజు ఖాళీ అయ్యే వేగం దాదాపు 40 శాతం తగ్గింది. సాయంత్రానికి తగ్గవలసిన కార్టిజోల్ అనే హార్మోను తగ్గకుండా ఉండిపోయింది. వీరెవరికీ షుగర్ లేదు, లావుగా ఉన్నవారు కూడా కారు. కంటినిండా నిద్రపోయాక మళ్ళీ మామూలయ్యారు. 2012లో అక్కడివారే ఇంకొంచెం లోతుకు వెళ్ళారు. 4 రాత్రులు నాలుగున్నర గంటలే పడుకున్న 7గురి నుంచి కొవ్వు కణాలు తీసి చూస్తే, అవి ఇన్సులిన్‌కు స్పందించడం 30 శాతం తగ్గింది. అంటే నిద్ర చాలకపోతే అలసిపోయేది మెదడు ఒక్కటే కాదు, పొట్ట దగ్గరి కొవ్వు కూడా అలసిపోతుందన్నమాట.

ఇక ఆకలి సంగతి. కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోను లెప్టిన్, ఆకలిని లేపేది గ్రెలిన్. 2004లో ప్రకటించిన మరో పరీక్షలో 12 మంది యువకులు కేవలం 2 రాత్రులు 4 గంటల చొప్పున పడుకున్నారు. లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది, ఆకలి 24 శాతం పెరిగింది. ఆ ఆకలి పప్పు మీదికో ఆకుకూర మీదికో పోలేదు, తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదికి పోయింది. రాత్రి రెండు గంటలకు కార్ఖానా ముందు బండి మీద మిరపకాయ బజ్జీలు, ఫర్సాణ్, చక్కెర ఎక్కువ వేసిన చాయ్ ఎందుకంత రుచిగా ఉంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. అది నాలుక చాపల్యమని ఇంట్లోవాళ్ళు దెప్పడం నాకు సబబుగా తోచదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. పగటి నిద్ర కూడా నిద్రే, కానీ రాత్రి నిద్రకు సమానం కాదు. మన శరీరంలో ఒక గడియారం ఉంది. అది ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మెదడులో పెద్ద గడియారం వెలుతురును చూసి నడుస్తుంది. కాలేయానికి, క్లోమానికి కూడా వాటి చిన్న గడియారాలు ఉన్నాయి. రాత్రి చీకటిపడ్డాక మెలటోనిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. ఆ వేళ తిన్న అన్నం పగలు తిన్న అన్నంకంటే షుగర్‌ను ఎక్కువ పెంచుతుంది. అందుకే రాత్రిపూట పనిచేసేవారి శరీరానికి రెండు వైపుల నుంచీ దెబ్బ. తినవలసిన వేళ పడుకుంటారు, పడుకోవలసిన వేళ తింటారు.

2009లో అమెరికాలోని బోస్టన్‌లో 10 మందిని పరిశోధనశాలలో ఉంచి, వారి తిండి, నిద్ర వేళలను మెల్లగా జరుపుతూ పూర్తిగా తలకిందులు చేశారు. ఇన్సులిన్ పెరిగినా కూడా గ్లూకోజు పెరిగింది. లెక్కకు వచ్చిన 8 మందిలో ముగ్గురికి భోజనం తరువాతి షుగర్ మధుమేహానికి ముందు దశ స్థాయిని అందుకుంది. ఇది పది రోజుల్లో జరిగిన సంగతి. ఇరవై ఏళ్ళు రాత్రి పాళీ చేసినవారి గురించి ఆలోచించండి.

పైగా పగలు పడుకునేది ఎంతసేపు? తొమ్మిదింటికి మనిషి పడుకుంటే పక్కింట్లో మిక్సీ, వీధిలో కూరగాయల బండి, చుట్టూ సాంచెల చప్పుడు, రేకుల కప్పు కింద ఎండ. పదకొండింటికి ఎవరో తలుపు కొడతారు. మధ్యాహ్నం భోజనానికి లేపడం మర్యాద అనుకుంటాం. పొద్దెక్కేదాకా పడుకుంటే ఇంట్లో లక్ష్మి నిలవదని పెద్దలు అనే మాట రాత్రంతా కష్టపడి వచ్చినవాడికి వర్తించదు.

విద్యార్థులకు కూడా ఒక మాట. వారమంతా ఐదు గంటలు పడుకుని ఆదివారం మధ్యాహ్నం దాకా లాగిస్తే లెక్క సరిపోతుందని హాస్టల్ పిల్లలు అంటుంటారు. 2019లో కొలరాడో విశ్వవిద్యాలయం వారు సరిగ్గా ఇదే పరీక్షించారు. శనాదివారాల్లో ఇష్టమున్నంతసేపు పడుకున్నవారు కూడా మళ్ళీ తక్కువ నిద్రకు దిగగానే ఇన్సులిన్ స్పందన తగ్గి కనిపించారు. చేతిలో ఫోను పట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా ఉండడాన్ని నేను చదువు కింద జమకట్టను.

ఇక్కడ తల్లుల గురించి ఎవరూ పెద్దగా రాయరు. తెల్లవారుజామున నీళ్ళు వచ్చే వేళకు లేవాలి, రాత్రి అందరూ తిన్నాక గిన్నెలు కడగాలి, పాళీ నుంచి వచ్చే భర్తకు వేడిగా వండాలి. బీడీలు చుట్టే ఇళ్ళలో ఆ పని వేరే. వారి నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. 2010లో లక్ష మందికి పైగా ఉన్న 10 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఐదారు గంటలకు మించి పడుకోనివారికి మధుమేహం వచ్చే అవకాశం 28 శాతం ఎక్కువ అని, నిద్ర మధ్యలో మెలకువ వచ్చి ఇబ్బందిపడేవారికి 84 శాతం ఎక్కువ అని తేలింది. అయితే అదే లెక్కల్లో ఎనిమిది తొమ్మిది గంటలు దాటి పడుకునేవారికి కూడా ప్రమాదం ఎక్కువగానే కనిపించింది. ఎక్కువ నిద్ర జబ్బు తెస్తుందని దానర్థం కానవసరం లేదు. లోపల ఏదో జబ్బు ఉండి, దానివల్ల ఎక్కువ పడుకుంటూ ఉండవచ్చు. ఇటువంటి లెక్కలు చదివేటప్పుడు ఈ తేడా మరచిపోకూడదు. పెద్దలకు 7 గంటలకు తగ్గని నిద్ర కావాలన్నది ఇప్పుడు వైద్యులు సాధారణంగా చెప్పే మాట.

మన దేశంలో ఐసీఎంఆర్ చేయించిన పెద్ద సర్వే 2023లో వెలువడింది. దాని ప్రకారం 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని ముందు దశలో ఉన్నారు. యానాం భాగంగా ఉన్న పుదుచ్చేరికి వచ్చిన సంఖ్య 26.3 శాతం, అంటే పెద్దల్లో నలుగురికి ఒకరు. దీనికంతటికీ నిద్రే కారణమని నేననను. తిండి, నడక లేకపోవడం, వంశం అన్నీ ఉన్నాయి. కానీ మిగతావాటి గురించి ప్రతి డాక్టరూ అడుగుతాడు, నిద్ర గురించి అడిగేవారు తక్కువ.

మరి ఏం చేయాలి? పాళీ మానేయండి అని చెప్పడం సులువు, ఆ జీతం ఎవరిస్తారు? ఉన్నంతలో చేయగలిగినవి ఉన్నాయి. 2021లో 19 మందితో చేసిన ఒక పరీక్షలో, రాత్రి మేలుకున్నా పగలే తిన్నవారికి షుగర్ పెరగలేదు, రాత్రి కూడా తిన్నవారికి సగటున 6.4 శాతం పెరిగింది. కాబట్టి పాళీకి వెళ్ళేముందే, సాయంత్రం వెలుతురు ఉండగానే పెద్ద భోజనం చేసి వెళ్ళడం మేలు. నడిరాత్రి ఆకలైతే గుప్పెడు శనగలో, మజ్జిగో చాలు. చాయ్‌లోని కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది, కనుక పాళీ చివరి సగంలో చాయ్ వద్దు. ఇంటికి వచ్చాక కిటికీకి మందపాటి నల్లగుడ్డ కట్టి, ఫోను వేరే గదిలో పెట్టి పడుకోవాలి. ఆ ఆరేడు గంటలు ఇంట్లో నిశ్శబ్దం ఉంచే బాధ్యత పిల్లలు తీసుకోవచ్చు. తలుపుకు ‘నాన్న పడుకున్నాడు’ అని అట్టముక్క తగిలించిన ఇల్లు ఒకటి నాకు తెలుసు.

నిద్ర పెంచితే నిజంగా లాభం ఉంటుందా అన్న అనుమానానికి 2022లో జవాబు దొరికింది. ఆరున్నర గంటలకన్నా తక్కువ పడుకునే, కొంచెం బరువెక్కువ ఉన్న 80 మందిలో సగం మందికి నిద్ర అలవాట్ల గురించి సలహా ఇచ్చారు. వారు రోజుకు 1.2 గంటలు ఎక్కువ పడుకున్నారు, ఎవరూ పథ్యం చెప్పకుండానే మిగతావారితో పోలిస్తే రోజుకు దాదాపు 270 కేలరీలు తక్కువ తిన్నారు. మన లెక్కలో అది రెండు మూడు చపాతీలు.

గురకను మాత్రం విడిగా చూడాలి. పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవారికి, పగలు కూర్చున్నచోటే కునుకు పట్టేవారికి నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉండవచ్చు. ఇది బీపీని, ఇన్సులిన్ నిరోధకతను కలిపి పెంచుతుంది. ఎన్ని గంటలు పడుకున్నా అలసట తీరదు. పడుకున్న మనిషికి తన గురక తెలియదు కాబట్టి భార్యో పిల్లలో డాక్టరుకు చెప్పాలి. దీనికి పరీక్ష ఉంది, చికిత్స ఉంది.

30 ఏళ్ళు దాటినవారికి షుగర్, బీపీ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. పరగడుపున 100 నుంచి 125 వస్తే ముందు దశ, 126 లేదా ఆపైన వస్తే రెండోసారి చేయించి నిర్ధారించుకోవాలి. ఇప్పటికే మందులు వాడుతున్నవారు పాళీ మారినప్పుడు మాత్రలు, ఇన్సులిన్ వేళలను సొంతంగా మార్చకండి. తిండి వేళ మారి మందు వేళ మారకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోయి, సాంచె ముందే కళ్ళు తిరిగి పడిన సందర్భాలు చూశాను. ఏ వారం పగటి పాళీ, ఏ వారం రాత్రి పాళీ, ఎన్నింటికి తింటారు, ఎన్నింటికి పడుకుంటారు అన్నది ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. ఆ కాగితం రాసిచ్చే పని ఇంట్లో చదువుకున్న పిల్లలది.