ఎండ చుక్క గుండ్రంగానే ఎందుకు పడుతుంది? లెన్స్ లేని కెమెరా కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక కెమెరా గురించి మాట్లాడుకుందాం. దానికి లెన్స్ లేదు, బ్యాటరీ లేదు, ఖర్చు పది రూపాయలు కూడా కాదు. దాన్ని మీరు ఆల్రెడీ వందసార్లు చూసి ఉంటారు. కాకపోతే అది కెమెరా అని తెలిసి ఉండదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సైడు ఊళ్ళల్లో గూన పెంకుల ఇళ్ళు ఇంకా ఉన్నాయి కదా. మధ్యాహ్నం పెంకుల సందుల్లోంచి ఎండ లోపలికి వచ్చి నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఈసారి జాగ్రత్తగా చూడండి. పైన సందు వంకరటింకరగా ఉంటుంది, కింద చుక్క మాత్రం గుండ్రంగా ఉంటుంది. వేపచెట్టు కింద కూడా అంతే. ఆకుల మధ్య సందులు ఏ షేపులో ఉన్నా, నీడలో పడే వెలుగు చుక్కలు గుండ్రమే. ఎందుకు?

ఎందుకంటే అది సందు ఆకారం కాదు. అది సూర్యుడి ఫోటో.

బొమ్మ ఎలా వస్తుంది?

మీ ముందు ఒక వేపచెట్టు, దానికి ఎదురుగా ఒక తెల్ల గోడ ఉన్నాయనుకోండి. చెట్టు మీద ప్రతి పాయింట్ నుంచి వెలుగు అన్ని దిక్కులకూ పోతుంది. అంటే గోడ మీద ఏ ఒక్క చోటు తీసుకున్నా, అక్కడికి చెట్టు కొన నుంచి, మొదలు నుంచి, పక్కన కట్టేసిన బర్రె నుంచి, ఆకాశం నుంచి, అన్నిటి వెలుగూ ఒకేసారి వచ్చి పడుతోంది. పదిమంది ఒకేసారి మాట్లాడితే ఒక్కరి మాట కూడా అర్థం కాదు కదా, అట్లన్నమాట. బొమ్మకి కావాల్సిన వెలుగంతా గోడ మీద ఉంది. కానీ కలగాపులగంగా ఉంది.

ఇప్పుడు మధ్యలో ఒక అట్ట అడ్డం పెట్టి సూదితో బెజ్జం చేయండి. చెట్టు కొన నుంచి వచ్చే వెలుగుకి బెజ్జం దాటే దారి ఒక్కటే. పైనుంచి వస్తోంది కాబట్టి దాటాక ఇంకా కిందికి దిగి, గోడ కింది భాగంలో పడుతుంది. మొదలు నుంచి వచ్చేది పైకి పోతుంది. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. అందుకే బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది.

ఇక్కడ అసలు పాయింట్ ఏంటంటే, బెజ్జం కొత్తగా ఏమీ తయారు చేయదు. అనవసరమైన వెలుగుని ఆపేస్తుంది, అంతే. కలిసిపోయింది విడిపోతుంది, బొమ్మ బయటపడుతుంది.

మరి సందు వంకరగా ఉన్నా చుక్క గుండ్రంగా ఎందుకు? అట్టలో చిన్న త్రికోణం కోసి ఎండలో పట్టుకోండి. నేలకి దగ్గరగా పెడితే త్రికోణమే పడుతుంది. పైకి లేపుతూ పోతే మెల్లగా గుండ్రం అవుతుంది. త్రికోణంలో ప్రతి పాయింటూ ఒక్కో సూర్యుడి బొమ్మ వేస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ బొమ్మలు పెద్దవవుతాయి, త్రికోణం మాత్రం అంతే ఉంటుంది. చివరికి సూర్యుడి షేపే గెలుస్తుంది.

టేపుతో సూర్యుణ్ణి కొలవడం

బెజ్జం నుంచి నేలకి 3 మీటర్లు ఉంటే ఎండ చుక్క సుమారు 2.8 సెంటీమీటర్లు ఉంటుంది. సూర్యుడు మనకి దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరం. 2.8ని 300తో భాగించి 15 కోట్లతో గుణించండి. 14 లక్షల కిలోమీటర్లు వస్తుంది. సూర్యుడి అసలు వ్యాసం సుమారు 13.9 లక్షలు. ఒక పెంకు సందు, ఒక టేపుతో ఇంత దగ్గరికి వచ్చేశాం!

చిన్న టిప్: ఎండ ఏటవాలుగా పడితే చుక్క కోడిగుడ్డులా సాగుతుంది. మన మూడు జిల్లాల్లో మే రెండో వారంలో, 12 దాటి పది నిమిషాల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. కొలవడానికి అదే బెస్ట్ టైమ్.

బెజ్జం ఎంత ఉండాలి?

పెద్దదైతే బొమ్మ మసక. చిన్నదైతే షార్ప్‌గా వస్తుంది, కానీ వెలుగు తగ్గుతుంది. మరీ చిన్నది చేస్తే వెలుగు బెజ్జం అంచుల దగ్గర చెదిరిపోయి మళ్ళీ మసకే. 25 సెంటీమీటర్ల డబ్బాకి సుమారు 0.7 మిల్లీమీటర్లు సరిపోతుంది. చెప్పుల డబ్బా తీసుకుని, ఒక వైపు కిటికీలా కోసి అల్యూమినియం ఫాయిల్ అంటించి దానికి సూదితో బెజ్జం పెట్టండి. ఎదురు వైపు కోసి బటర్ పేపర్ అంటించండి. తల మీద నల్ల గుడ్డ కప్పుకుని బటర్ పేపర్ వైపు నుంచి చూడండి.

మరి ఫోన్‌కి లెన్స్ ఎందుకు? వెలుగు కోసం. ఎఫ్ 1.8 ఉన్న ఫోన్ కెమెరాతో పోలిస్తే మన డబ్బాలో వెలుగు దాదాపు 40 వేల రెట్లు తక్కువ. ఫోన్ సెకనులో వెయ్యో వంతులో తీసే ఫోటోకి దీనికి 40 సెకన్లు పడుతుంది. ఒక్కో పాయింట్ నుంచి వచ్చే బోలెడంత వెలుగుని పట్టి మళ్ళీ ఒకే చోటికి చేర్చడమే లెన్స్ పని.

గుళ్ళో పిన్‌హోల్

హంపి వెళ్ళినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. విరూపాక్ష ఆలయంలో ఒక చీకటి గది గోడ మీద రాజగోపురం తలకిందులుగా కనిపిస్తుంది. చాలామంది నీడ అనుకుంటారు. నీడైతే నల్లగా ఉండాలి, తలకిందులు కాకూడదు. అది బెజ్జంలోంచి వచ్చిన బొమ్మ. సుమారు వెయ్యేళ్ళ కింద ఇబ్న్ అల్ హైథమ్ అనే శాస్త్రవేత్త గ్రహణం టైమ్‌లో ఇలాంటి బొమ్మల మీద ఒక గ్రంథమే రాశాడు. గుడి గొప్పతనం దీనివల్ల తగ్గదు, ఎలా జరుగుతుందో తెలిస్తే చూడ్డానికి ఇంకా బాగుంటుంది.

ఇది మాత్రం సీరియస్

2019 డిసెంబర్ 26 పొద్దున మన దగ్గర పాక్షిక సూర్యగ్రహణం కనిపించింది. అలాంటప్పుడు చెట్ల కింద చుక్కలు గుండ్రంగా ఉండవు, నెలవంకల్లా మారతాయి. 2027 ఆగస్టు 2 సాయంత్రం మన దేశంలో మళ్ళీ పాక్షిక గ్రహణం ఉంది.

గ్రహణం రోజు ఎక్స్‌రే ఫిల్మ్‌తోనో, కూలింగ్ గ్లాసులతోనో పైకి చూసేవాళ్ళు ఉంటారు. దయచేసి వద్దు. కంటి వెనక రెటీనాకి నొప్పి తెలీదు. అది కాలుతున్నా మీకు తెలియదు, కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చ కనిపిస్తే అప్పుడు తెలుస్తుంది. పోయిన చూపు పూర్తిగా రాకపోవచ్చు కూడా. పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి.

దానికి బదులు సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి. బెజ్జం ఉన్న అట్టని భుజం పైన పట్టుకుని, ముందు ఇంకో తెల్ల అట్ట మీద పడే బొమ్మని చూడండి. గుర్తుంచుకోండి, బెజ్జంలోంచి సూర్యుణ్ణి చూడకూడదు, బెజ్జం వేసిన బొమ్మని చూడాలి. అట్ట లేకపోతే వంటింట్లో జల్లెడ చాలు, ఒకేసారి వంద నెలవంకలు. ఇంట్లో రోకలి నిలబెట్టి చూసేవాళ్ళని కూడా పిలిచి చూపించండి.

మీ ఇంట్లో ఎండ చుక్క ఎన్ని సెంటీమీటర్లు వచ్చింది, ఎంత ఎత్తు నుంచి వచ్చింది, రెండూ కామెంట్‌లో రాయండి. లెక్క కలిసి చేద్దాం. ఉంటా మరి, బై.