టై ముడి

మన పల్లెల్లో ముడులకు కొదవ లేదు. పశువును గుంజకు కట్టే ముడి వేరు, ధాన్యపు బస్తా మూతికి వేసే ముడి వేరు. లాగేకొద్దీ బిగిసి, విప్పడానికి లొంగనిది పీటముడి. అవసరాన్ని బట్టి బిగించుకోవడానికీ, వదులు చేసుకోవడానికీ వీలిచ్చేది జారుముడి. మెడలో ధరించే టైకి వేసేది ఈ రెండవ జాతి ముడి.

మన విద్యార్థులలో చాలామంది చిన్నతనంలో టై ధరించినవారే. కాని అది ముడి ముందే కుట్టి, ఎలాస్టిక్ పట్టీతో తగిలించుకొనే టై. అందువల్ల పదేళ్లు టై కట్టుకొన్న యువకుడు కూడా మొదటి ఉద్యోగపు ఇంటర్వ్యూనాటి ఉదయం అసలైన టైని చేతబట్టుకొని దిక్కు తోచక నిలబడటం కద్దు. ఆ వేళ నేర్చుకోవడం కంటే ముందుగా నాలుగుసార్లు అభ్యసించడం మేలు.

అన్నింటిలోకి సులభమైనది ‘ఫోర్ ఇన్ హ్యాండ్’ అనే ముడి. చొక్కా పై గుండీ పెట్టుకొని, కాలరు పైకెత్తి, కుట్టు లోపలివైపుకు ఉండేటట్లు టైని మెడచుట్టూ వేసుకోవాలి. వెడల్పు కొస కుడివైపున, సన్న కొస కంటే సుమారు 30 సెంటీమీటర్లు కిందికి వేలాడాలి. సన్న కొస కదలదు. పని అంతా వెడల్పు కొసదే. దానిని సన్న కొస మీదుగా ఎడమకు, కింది నుండి తిరిగి కుడికి, మళ్లీ మీదుగా ఎడమకు తీసుకుపోవాలి. ఈ చివరి చుట్టు ముందుభాగంలో ఒక అడ్డపట్టీలా ఏర్పడుతుంది. దానిని వేలితో కాస్త వదులుగా పట్టి ఉంచాలి. ఇప్పుడు వెడల్పు కొసను మెడ దగ్గరి సందులోకి కింది నుండి పైకి తీసి, ఆ అడ్డపట్టీ లోపలినుండి కిందికి దించాలి. ఒక చేతితో సన్న కొసను పట్టుకొని, రెండవ చేతితో ముడిని పైకి జరిపితే అది కాలరు మధ్యకు చేరుతుంది.

చాలామంది తడబడేది కుడి ఎడమల దగ్గరే. బొమ్మలో ఎదురుగా నిలిచిన మనిషి కుడిచేయి మనకు ఎడమవైపున కనిపిస్తుంది. అద్దంలో ఈ చిక్కు లేదు. అందుచేత బొమ్మ కంటే అద్దమే మంచి గురువు. కట్టిన టై కొస బెల్టు బకిల్‌ను తాకాలి. పొట్టిదైతే విప్పి, వెడల్పు కొసను మరికొంత కిందికి దించి మొదలుపెట్టాలి. ముడి కొంచెం ఒక పక్కకు ఒరిగినట్లుంటే కంగారు పడనక్కరలేదు. ఈ ముడి స్వభావమే అంత.

ముడిని నిలిపి ఉంచేది బట్టకూ బట్టకూ మధ్యనున్న ఘర్షణ. రోజంతా నలిగిన బట్ట ముడి విప్పగానే మళ్లీ సాగి తిన్నబడటానికి మాత్రం కత్తిరింపే కారణం. 1920 దశకంలో న్యూయార్కుకు చెందిన జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ బట్టను ఏటవాలుగా కత్తిరించి, మూడు ముక్కలుగా కుట్టే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఇక, 1999లో కేంబ్రిడ్జి భౌతిక శాస్త్రజ్ఞులు థామస్ ఫింక్, యాంగ్ మావో సాధారణమైన టైని 85 విధాలుగా ముడి వేయవచ్చునని గణితం ద్వారా నిరూపించారు. మనకు ఒకటి చాలు.

విప్పేటప్పుడు సన్న కొసను బలవంతంగా లాగివేయరాదు; అస్తరు మెలిపడుతుంది. కట్టిన వరుసకు తలకిందులుగా ఒక్కొక్క చుట్టునూ విప్పి, టైని దండెం మీద వేలాడదీస్తే తెల్లవారేసరికి ముడతలు చాలావరకు పోతాయి.