మేధోసంపత్తి హక్కులు: నూతన సృష్టికి ఊతమా, ఆటంకమా?

విద్య పంచినకొలది పెరుగునని పెద్దలు చెప్పుదురు. శ్రమించిన వానికి ఫలము దక్కవలెననియు వారే చెప్పుదురు. రెండును సత్యములే. ఐనను కంప్యూటరు, సెల్‌ఫోను ఇంటింట వెలసిన ఈ కాలమున ఈ రెండు ధర్మముల నడుమ తగవు ఏర్పడినది. గ్రంథమునకైనను, గీతమునకైనను, చేతిపని నమూనాకైనను నకలు తీయుటకు నేడు క్షణకాలము చాలును. కావున మేధోసంపత్తి హక్కులు నూతన సృష్టికి తోడ్పడునా, అడ్డుపడునా యను ప్రశ్నను మన ప్రాంతపు అనుభవముతో పరిశీలింతము.

ఒక పొలమును ఒకరు దున్నుచుండగా వేరొకరు దున్నజాలరు. ఆలోచన అట్టిది కాదు. ఒకరి నుండి పదిమంది గ్రహించినను మొదటివానికి తరుగు లేదు. కనుక ఆలోచనపై హక్కు సహజసిద్ధమైనది కాదు, సమాజము ఒక ప్రయోజనము కొరకు చేసికొన్న ఒడంబడిక మాత్రమే. పేటెంటు పొందినవాడు తన రహస్యమును లోకమునకు వెల్లడింపవలెను; అందుకు ప్రతిగా 20 సంవత్సరములు దానిపై అతనికే అధికారము. మన దేశమున గ్రంథకర్తకు జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును కాపీరైటు నిలుచును. ఒడంబడికలో ఇచ్చినదానికంటె పుచ్చుకొన్నది మించినపుడే చిక్కు వచ్చును.

ఇందుకు హైదరాబాదు ఔషధ పరిశ్రమ గొప్ప నిదర్శనము. 1970 నాటి పేటెంట్ల చట్టము 1972లో అమలులోనికి వచ్చినది. అది ఔషధమునకు పేటెంటు నీయక, దానిని తయారుచేయు పద్ధతికి మాత్రమే ఇచ్చినది. అదే మందును వేరొక మార్గమున తయారుచేయుటకు మన రసాయన శాస్త్రజ్ఞులకు దారి దొరికినది. ప్రభుత్వరంగ సంస్థయైన ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. హక్కు స్వల్పమైనందున ఇచట పరిశ్రమ పెరిగినదే గాని తరుగలేదు. ప్రపంచ వాణిజ్య ఒప్పందము ననుసరించి 2005 నుండి ఔషధములకును పేటెంట్లు వచ్చినవి. ఐనను చట్టము తలుపు పూర్తిగా మూయలేదు. 2012లో హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు ఒక క్యాన్సరు మందు విషయమున నిర్బంధ లైసెన్సు లభించినది. నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు పలికిన ఆ మందు 9 వేల లోపునకు దిగినది. ఐతే క్రొత్త మందును కనుగొనుటకు ఏండ్ల పరిశోధనయు, అపారధనమును కావలెను. ఆ వ్యయమునకు ప్రతిఫలము లేకున్న ఎవరు పూనుకొందురు? ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

ఇక మన ముంగిటికి వత్తము. కరీంనగరు వెండి ఫిలిగ్రీ పనికి 2007లోను, నిర్మల్ బొమ్మలకు 2009లోను, ఆదిలాబాదు డోక్రా పోతపనికి 2018లోను భౌగోళిక సూచిక లభించినది. ఇది వ్యక్తికి గాక ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులకు సమష్టిగా దక్కు హక్కు. పది సంవత్సరముల కొకమారు పునరుద్ధరించుకొనవచ్చును. వెండిని సన్నని తీగగా లాగి, మెలిపెట్టి, తీగతో తీగను అతికి అత్తరుదానులు, పాన్‌దానులు చేయు పనివానిని, పొనికి కర్రను చెక్కి రంగులద్దు నకాషీని ఈ చట్టము గౌరవించినది. కాని అది కాపాడునది పేరునే గాని పనితనమును కాదు. యంత్రముపై అచ్చొత్తిన వస్తువును ‘నిర్మల్ బొమ్మ’ యని అమ్మువానిని అది నిలువరించును. వేరొక పేరుతో అమ్మిన, దానికి చేయునది లేదు. అంతేకాదు, అధీకృత వినియోగదారుగా నమోదు కాని పనివానికి సర్టిఫికెట్టు గోడమీది పటమే యగును.

క్రొత్త నమూనాకు వేరొక చట్టము కలదు. 2000 నాటి డిజైన్ల చట్టము క్రింద నమోదైన నమూనాకు మొదట 10, పిదప 5 సంవత్సరముల రక్షణ లభించును. కాని నమూనా క్రొత్తదై యుండవలెను; దరఖాస్తునకు పూర్వము లోకమునకు వెల్లడి కారాదు. ఇచటనే డిజిటల్ యుగపు ఉచ్చు పొంచియున్నది. పనివాడు మురిపెముతో తన క్రొత్త నగ ఛాయాచిత్రమును సెల్‌ఫోనులో నలుగురికి పంపిన దినముననే ఆ హక్కును చేజార్చుకొను ప్రమాదమున్నది. ఈ చిన్న సంగతి తెలియక నష్టపోవుట విచారకరము.

మన రెండు భాషల చరిత్ర మరియొక పాఠము నేర్పును. ఒకప్పుడు ఒక్కొక్క సంస్థ తన తెలుగు ఫాంటునకు తన సొంత సంకేతములను వాడెను. ఒక కంప్యూటరులో కూర్చిన పుట వేరొకదానిలో అర్థములేని గుర్తులుగా కనబడెడిది. ఉర్దూ నస్తాలీఖ్ కూర్పునకును ఇట్టి ఇబ్బందియే కలిగెను. అందరును వాడుకొనదగిన యూనికోడ్ వ్యాపించిన పిమ్మటనే ఈ లిపులు ఎల్లలు దాటినవి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా, 2004 జనవరిలో ఉర్దూ వికీపీడియా మొదలైనవి. అందలి వ్యాసములను రచయితలను పేర్కొని, అవే షరతులతో ఎవరైనను వాడుకొనవచ్చును. ఇదియు కాపీరైటుపై ఆధారపడినదే. ఐతే తాళము వేయుటకు గాక తలుపు తెరచుటకు దానిని వాడినారు.

కావున హక్కు స్వతహాగా మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. అది ఎవరి చేత నున్నది, ఎంతకాలము, ఏ హద్దులలో నున్నది యనునదే ముఖ్యము. 2016లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము బోధన కొరకు పాఠ్యభాగముల జిరాక్సు ప్రతులు తీయుట చట్టసమ్మతమే యని తీర్పు చెప్పినది. గ్రంథములు కొనలేని పేద విద్యార్థికి అట్టి హద్దే శ్రీరామరక్ష. తీగపని చేయు వృద్ధునకు అతని పేరుపై హక్కే ఆధారము. చదువుకొన్న మనము చేయదగినది కలదు. దరఖాస్తు వ్రాయలేని పనివానికి వ్రాసి పెట్టుదము. అతడు సమ్మతించిన మేరకు పాత నమూనాలను ఉర్దూలోను తెలుగులోను గ్రంథస్థము చేయుదము. క్రొత్తవానిని నమోదు కాకముందు బయటపెట్టవలదని హెచ్చరింతము. అపుడే పంచుకొను ధర్మమును, ఫలము దక్కు న్యాయమును కలిసి నిలుచును.